ఈబేలో కొత్త నెగటివ్ రాకుండానే ఫీడ్‌బ్యాక్ శాతం పడిపోయిందా?

సమస్య: ఆన్‌లైన్ మార్కెట్ ఈబేలో బయ్యర్లు సెల్లర్‌కు ఇచ్చే ఫీడ్‌బ్యాక్ (పాజిటివ్, న్యూట్రల్, నెగటివ్ రేటింగ్)లో నిన్నటిదాకా 99 ఉన్న పాజిటివ్ శాతం ఉన్నట్టుండి 97కి దిగింది. కొత్తగా నెగటివ్ ఒక్కటీ లేదు, పైగా స్కోరు పెరుగుతూనే ఉంది. సపోర్ట్‌కు రాసే ముందు దయచేసి మీ ఫీడ్‌బ్యాక్ ప్రొఫైల్ తెరిచి 1, 6, 12 నెలల పట్టిక చూడండి. చాలామంది ఈ ఒక్క పని చేయకుండానే ఎవరో కావాలని దెబ్బకొట్టారని టెన్షన్ పడిపోతారు.

కారణం: పేరు పక్కన ఉండే స్కోరు వేరు, ఈ శాతం వేరు. స్కోరు మీరు చేరిన రోజు నుంచీ లెక్క, పాజిటివ్‌కు ఒకటి కలుస్తుంది, నెగటివ్‌కు ఒకటి పోతుంది, న్యూట్రల్‌కు ఏ మార్పూ ఉండదు. శాతానికి మాత్రం గత 12 నెలల పాజిటివ్‌లు, నెగటివ్‌లే తీసుకుంటారు. అంటే మీరేమీ చేయకపోయినా పాత పాజిటివ్‌లు ఏడాది దాటగానే ఒక్కొక్కటే లెక్కలోంచి వెళ్లిపోతాయి. 200 పాజిటివ్‌లు, 2 నెగటివ్‌లు ఉంటే 99.0 శాతం. అమ్మకాలు తగ్గి పాజిటివ్‌లు 60కి వచ్చాయనుకోండి, ఆ 2 నెగటివ్‌లకు ఇంకా ఏడాది నిండలేదు, శాతం 96.8కి దిగిపోతుంది. క్రిస్మస్‌కు ముందు అమెరికాకు బాగా అమ్మి తర్వాత నెమ్మదించిన ఎగుమతి సెల్లర్లకు ఇది ఆ క్రిస్మస్‌కు ఏడాది దాటాక వచ్చే జనవరి, ఫిబ్రవరిల్లో కనబడుతుంది, అందుకే దేనివల్ల వచ్చిందో అంతుపట్టదు.

ఇంకో మెలిక ఉంది. ఒకే బయ్యర్ ఒకే వారంలో ఐదు కొండపల్లి బొమ్మలు విడివిడిగా కొని ఐదు పాజిటివ్‌లు ఇచ్చినా లెక్కలోకి వచ్చేది ఒకటే. ఆ వారం కూడా పసిఫిక్ టైమ్ (అమెరికా పశ్చిమ తీర సమయం) ప్రకారం సోమవారం నుంచి ఆదివారం దాకా.

పరిష్కారం: ముందు నెగటివ్‌ల తేదీలు చూడండి. వచ్చి 30 రోజులు దాటకపోతే బయ్యర్ సమస్య నిజంగా తీర్చి, ఆ తర్వాతే మార్చమని రివిజన్ రిక్వెస్ట్ పంపండి. రీఫండో, రీప్లేస్‌మెంటో ఇవ్వకుండా పంపితే ఎందుకు మారుస్తారు? జవాబివ్వడానికి వాళ్లకు 10 రోజుల గడువు ఉంటుంది, మీకేమో వచ్చిన ప్రతి 1000 ఫీడ్‌బ్యాక్‌లకు ఏడాదికి 5 రిక్వెస్టులే, కాబట్టి చూసి వాడుకోండి. 30 రోజులు దాటిపోతే అది ఏడాది నిండి ఎప్పుడు తప్పుకుంటుందో లెక్కేసుకుని, అప్పటిదాకా వేర్వేరు బయ్యర్లకు చిన్న వస్తువులైనా అమ్ముతూ ఉండండి. స్నేహితుల చేత కొనిపించి పాజిటివ్‌లు వేయించుకోవద్దు, అకౌంట్‌కే ముప్పు.

డబ్బు కట్టని బయ్యర్ నెగటివ్ ఇవ్వడం లాంటివి అరుదు, రిపోర్ట్ చేస్తే సరిపోతుంది.

మీరు సెల్లర్ అయితే బయ్యర్ 100 శాతం చూసి నమ్మేయకండి. 2008 నుంచి సెల్లర్లు బయ్యర్లకు నెగటివ్ ఇవ్వలేరు, అందుకని అతను ఇతరులకు ఇచ్చిన ఫీడ్‌బ్యాక్ చదవండి, అందరికీ నెగటివ్‌లు పెట్టే మనిషో కాదో అక్కడే తెలుస్తుంది.