కెన్యా సేవాయాత్రకు గుంటూరులో జట్టు సాధన

పదిమంది లోపు జట్టయితే ఎనిమిది శనివారాలు, రోజుకు రెండు గంటలు చాలు. ఆదివారం ఆరాధన తర్వాత పెట్టుకోకండి, సగంమంది భోజనాలకు వెళ్లిపోతారు.

మొదటి వారమే పాస్‌పోర్టులు చూడండి. కెన్యా చేరే నాటికి ఇంకా 6 నెలల గడువుండాలి. ఎల్లో ఫీవర్ టీకా ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందు వేయించుకోవాలి. ఆ టీకా కార్డు లేకుండా తిరిగొస్తే మన విమానాశ్రయంలోనే 6 రోజుల వరకు క్వారంటైన్‌లో ఉంచవచ్చు. మలేరియాకు డాక్టరు డాక్సీసైక్లిన్ రాస్తే ఇంటికొచ్చాక కూడా 4 వారాలు వాడాలి. జ్వరం లేదు కదా అని మానేస్తారు, ప్రమాదం అక్కడే.

అసలు కష్టపడాల్సింది సాక్ష్యం మీద, అంటే దేవుడు మీ జీవితంలో చేసింది అక్కడివారికి చెప్పడం మీద. అనువాదంతో సమయం రెట్టింపవుతుంది కాబట్టి మూడు నిమిషాలకు కుదించండి. సాధనలో ఒకరు ఇంగ్లీషులో చెబుతుంటే పక్కనున్నవారు తెలుగులో చెప్పాలి. చిన్న వాక్యం పూర్తిచేసి ఆగాలి. సగంలో ఆపితే అనువాదకుడు ఊహించి చెప్పేస్తాడు. ‘అభిషేకం’, ‘భారం’ లాంటి చర్చి మాటలు వస్తే అక్కడే ఆపి మామూలు మాటల్లో చెప్పించండి. ఇందులో మొహమాటం వద్దు.

పెద్దలకు అక్కడి స్వాహిలీ భాషలో ‘షికమో’ అనాలి, వారు ‘మరహబా’ అంటారు. మన వందనాలంత ముఖ్యం ఇది.

ఒకపూట ఆవకాయ లేకుండా గట్టి మొక్కజొన్న సంకటి, ఆకుకూర తినండి. అక్కడి ఉగాలి అలాగే ఉంటుంది.

డబ్బు ఒకరి దగ్గర, లెక్క మరొకరి దగ్గర ఉండాలి. విడిగా ఎవరికీ కానుకలివ్వకండి, ఏదైనా స్థానిక సంఘ కాపరి ద్వారానే.