ఇన్‌స్టాల్ గొడవ లేకుండా డీవీడీ బర్న్ చేయాలంటే

పెళ్లి ఫొటోలు డీవీడీలో కావాలని హనుమకొండ చుట్టాలు అడిగారు, లాప్‌టాప్ ఏమో తమ్ముడిది, అందులో కొత్తగా ఏదీ ఎక్కించొద్దంటాడు. ఇలాంటప్పుడు డిస్కులు బర్న్ చేసే ఎనీబర్న్ అనే ప్రోగ్రాం పోర్టబుల్ వెర్షన్ (ఇన్‌స్టాల్ చేయకుండానే నడిచేది) దించుకుని పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుంటే చాలు. జిప్‌గా వస్తే ముందు ఎక్స్‌ట్రాక్ట్ చేయండి. ఫొటోలకు ఫైళ్లు, ఫోల్డర్లు బర్న్ చేసే ఆప్షన్. కారులోని పాత ప్లేయర్‌కు పాటలైతే ఆడియో సీడీ ఆప్షనే, మామూలు సీడీలో 80 నిమిషాలకు మించి పట్టదు. డీవీడీ మీద 4.7 జీబీ అని ఉన్నా విండోస్ లెక్కలో దాదాపు 4.38 జీబీయే, కాబట్టి అంచుదాకా నింపకండి. చవక డిస్కులకు మ్యాక్స్ స్పీడ్ వద్దు, 4ఎక్స్ లేదా 8ఎక్స్ మేలు. బర్న్ అవుతున్నంతసేపు పెన్‌డ్రైవ్ పీకొద్దు, ప్రోగ్రాం నడిచేది అందులోంచే! అయ్యాక నాలుగైదు ఫొటోలు డిస్క్ నుంచే తెరిచి చూడండి. పేరు రాయడానికి బాల్‌పెన్ కాదు, మార్కర్.