అసిటోన్ ఆవిరి పట్టించాక 3డీ ప్రింట్ పాడైందా? తేడా ఎక్కడ కొట్టిందో చూద్దాం

3డీ ప్రింట్ మీద పొరపొరకీ కనిపించే లేయర్ గీతలు కరిగి నున్నబడాలని అసిటోన్ అనే ద్రావకం ఆవిరి పట్టిస్తాం. ఇక్కడ చెప్పేదంతా ఏబీఎస్, ఏఎస్ఏ అనే ప్లాస్టిక్‌లతో తీసిన ప్రింట్ల గురించే. డబ్బాలో టిష్యూలు అంటించి, వాటిని అసిటోన్‌తో తడిపి, మధ్యలో ప్రింట్ పెట్టి మూతేసే మామూలు చల్లటి పద్ధతినే దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను.

గంటలు గడిచినా లేయర్ గీతలు పోలేదు

చాలాసార్లు అది ఏబీఎస్ కాదు, పీఎల్ఏ అనే ఇంకో ప్లాస్టిక్ అయి ఉంటుంది. పీఎల్ఏ అసిటోన్‌లో కరగదు, మహా అయితే కొన్ని రకాలు జిగురుగా తయారై తర్వాత పెళుసు బారతాయి. పీఈటీజీ అనే ప్లాస్టిక్ కూడా నున్నబడదు, పైగా తెల్లగా పాలిపోతుంది. అనుమానముంటే ఆ ఫిలమెంట్ (ప్రింటర్‌లోకి వెళ్లే ప్లాస్టిక్ తీగ) ముక్క మీదే ఒక అసిటోన్ చుక్క వేసి పుల్లతో రుద్దండి, ఏబీఎస్ అయితే కాసేపట్లోనే పుల్లకి అంటుకుని తీగలా సాగుతుంది. పీఎల్ఏని కరిగించేవి క్లోరోఫామ్, డైక్లోరోమీథేన్ లాంటివి, వాటిని ఇంట్లోకి తేవద్దు. గరుకు కాగితం, ఫిల్లర్ ప్రైమర్ (గీతలు పూడ్చే పూత), పైన పెయింట్, పీఎల్ఏకి ఇదే దారి. ఆవిరితోనే నున్నగా రావాలంటే పీవీబీ అనే ప్లాస్టిక్ ఫిలమెంట్ కొనండి, అది ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌కి లొంగుతుంది.

ఏబీఎస్సే అయినా పని జరగకపోతే మీ అసిటోన్‌ని అనుమానించండి. నెయిల్ పాలిష్ రిమూవర్‌లో నీళ్లు, నూనె, సెంటు కలుస్తాయి, కొన్నింట్లో అసలు అసిటోనే ఉండదు. పెయింట్ షాపు థిన్నర్ నాలుగైదు ద్రావకాల కలగూర. ల్యాబ్ కెమికల్స్ అమ్మే చోట 99 శాతం పైన ఉన్నది అడిగి తీసుకోండి.

కింద కరిగి కారింది, పైన గీతలు అలాగే ఉన్నాయి

అసిటోన్ ఆవిరి గాలికంటే రెండింతలు బరువు, అందుకే డబ్బా అడుగున చేరుతుంది. ప్రింట్‌ని ఎత్తు మీద పెట్టండి, టిష్యూలు పక్కలకి పై దాకా అంటించండి, మధ్యలో ఒకసారి తలకిందులు చేయండి. కింద అల్యూమినియం ఫాయిల్ వేయాలి, కాగితం మీద పెడితే అతుక్కుని మచ్చ పడుతుంది. డబ్బా గాజుది గానీ స్టీలుది గానీ అయి ఉండాలి, పారదర్శకమైన గట్టి ప్లాస్టిక్ డబ్బాలు చాలావరకు ప్రింట్ కంటే ముందే పాడవుతాయి.

ఇక్కడే చాలామందికి ఓపిక నశించి డబ్బాని స్టవ్ మీద పెట్టాలనిపిస్తుంది. అసిటోన్ 56 డిగ్రీలకే మరుగుతుంది, గాలిలో రెండున్నర శాతం ఆవిరి కలిస్తే చాలు నిప్పురవ్వ తగిలి పేలుతుంది, నేల మీద పాకుతూ పక్క గదిలో ఉన్న పొయ్యి దాకా వెళ్లగలదు కూడా. వంటగదిలో వద్దు, ఫ్రిజ్ పక్కన వద్దు. బాల్కనీలో చల్లగానే చేయండి, గంట ఆలస్యమైతే కొంపలేం మునగవు.

అంచులు, అక్షరాలు మాయమయ్యాయి

బాగా మెరిసేదాకా ఉంచేశారు. బయటికి తీశాక కూడా పైపొరలో ఉన్న ద్రావకం పని చేస్తూనే ఉంటుంది, కాబట్టి "ఇంకొంచెం ఉంటే బాగుండు" అనిపించినప్పుడే తీసేయాలి.

తెల్లటి పొగ పట్టినట్టుంది

అసిటోన్ ఎగిరిపోతూ ఉపరితలాన్ని చల్లబరుస్తుంది, ఆ చల్లదనానికి గాలిలో తేమ వచ్చి కూర్చుంటుంది. వానాకాలంలో, వైజాగ్ లాంటి సముద్రం పక్క ఊళ్లలో ఇది ఎక్కువ. పొడి రోజు చూసుకుని తాజా అసిటోన్‌తో ఇంకోసారి కొద్దిసేపు పట్టించండి, చాలావరకు పోతుంది. తీశాక ఫ్యాన్ కింద పెట్టకండి.

బుడగలు లేచాయి, గోరు గుచ్చితే దిగబడుతోంది

రెండూ ఒకే జబ్బు: లోపలికి పోయిన అసిటోన్ బయటికి రాలేదు. పలుచని గోడల గుండా ఇన్‌ఫిల్ (ముక్క లోపల జాలీలా నింపే భాగం) ఖాళీల్లోకి చేరుతుంది, పైపొర మూసుకుపోయాక ఇరుక్కుపోతుంది, మీరేమో తొందరగా ఆరాలని ఎండలో పెడతారు, అది ఉబ్బుతుంది. నీడలో, గాలి ఆడే చోట రోజుల తరబడి వదిలేయండి, మందం ఉన్న ముక్కకి వారం పైనే పట్టొచ్చు. వాసన పూర్తిగా పోయేదాకా ఆరనట్టే లెక్క. ఈసారి ప్రింట్ తీసేటప్పుడు గోడలు (బయటి వరసలు) మూడు నాలుగు పెట్టండి, కనపడని చోట చిన్న రంధ్రం వదలండి.

నున్నగా వచ్చింది గానీ బలం పెరగలేదు

ఆవిరి పైపొరని మాత్రమే కలుపుతుంది, లోపలి లేయర్ల మధ్య అతుకు ఎలా ఉందో అలాగే ఉంటుంది. ముక్కలోంచి నీరు కారకపోవచ్చు, కాస్త వంగే గుణం రావచ్చు, గీతల గాడిలోంచి మొదలయ్యే పగుళ్లు తగ్గొచ్చు. లాగితే తెగే బలం మాత్రం పెద్దగా పెరగదు, ఒక్కోసారి తగ్గుతుంది కూడా. బలం కావాలంటే ప్రింటర్ దగ్గరే తేల్చుకోవాలి: నాజిల్ (కరిగిన ప్లాస్టిక్ బయటికొచ్చే మూతి) వేడి కాస్త పెంచండి, కూలింగ్ ఫ్యాన్ బాగా తగ్గించండి, ప్రింటర్ చుట్టూ ఎన్‌క్లోజర్ (వేడి నిలిపే పెట్టె) కట్టండి, గోడలు పెంచండి.

అసిటోన్ నిజంగా బలాన్నిచ్చేది అతుకుల దగ్గర. ఏబీఎస్ తుక్కు ముక్కల్ని అసిటోన్‌లో వేసి రాత్రంతా ఉంచితే చిక్కటి మజ్జిగలా అవుతుంది. దాన్ని రెండు ముఖాలకీ బ్రష్‌తో రాసి, క్లాంప్ బిగించి మర్నాటిదాకా కదపకండి. ఇది జిగురు కాదు, రెండు ముక్కలూ కరిగి ఒకటవుతాయి.

రెండు రోజుల తర్వాత పగుళ్లు

ప్రింట్ చల్లారేటప్పుడు లోపల మిగిలిపోయిన బిగువు, ద్రావకం తగలగానే పగులుగా బయటపడింది. బెడ్ (ప్రింట్ తయారయ్యే పలక) మీంచి మూలలు లేచిన ముక్కల్లో ఇది మామూలే. పగుళ్లలో పైన చెప్పిన ఏబీఎస్ ద్రవం నింపి, ఆరాక రుద్దండి. చాలా చోట్ల పగిలితే మళ్లీ ఎన్‌క్లోజర్‌లో ప్రింట్ తీయడమే.

బోల్టు దూరడం లేదు

రంధ్రం అంచులు కరిగి లోపలికి జరిగాయి. పూర్తిగా ఆరాక సరైన సైజు డ్రిల్ బిట్‌ని చేత్తోనే తిప్పండి, మిషన్ పెడితే ఆ వేడికి మళ్లీ అతుక్కుంటుంది.