చలికి మోకాళ్ళు పట్టేస్తుంటే ఏం చేయాలి

చలికాలంలో మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు చేసే మొదటి తప్పు కదలడం మానేయడం. నొప్పి కదా అని దుప్పటి కప్పుకుని గంటలు గంటలు ఒకేచోట కూర్చుంటారు, లేచేసరికి కీలు బిగుసుకుపోయి ఉంటుంది, అబ్బా అనుకుంటూ మళ్ళీ కూలబడతారు. ఇలా కొన్ని వారాలు గడిస్తే తొడ కండరం బలం తగ్గిపోయి, అది మోయాల్సిన భారం కూడా కీలు మీదే పడుతుంది.

ఒక విషయంలో టెన్షన్ వద్దు. చలి వల్ల మోకాలు అరిగిపోదు. కీలు లోపలి జిగురు కాస్త చిక్కబడుతుంది, చుట్టూ ఉన్న కండరాలు బిగుస్తాయి, అందుకే ఉన్న నొప్పే ఎక్కువగా తెలుస్తుంది.

పొద్దున మెలకువ రాగానే గబుక్కున మంచం దిగకండి. దుప్పటిలో ఉండగానే మడమను పరుపు మీద జారుస్తూ మోకాలు మడవండి, చాచండి, ఒక్కో కాలికి పదిసార్లు. తర్వాత కాలు చాచి, మోకాలి వెనకవైపును పరుపుకి అదిమి 5 సెకన్లు ఉంచి వదలండి, ఇదీ పదిసార్లే. ఊపిరి బిగబట్టకూడదు. చూడ్డానికి ఏముంది ఇందులో అనిపిస్తుంది కానీ తొడ కండరానికి ఇది మంచి పని, రోజులో ఇంకో రెండుసార్లు చేసినా మంచిదే.

కాపడం 15 నుంచి 20 నిమిషాలు చాలు. వేడినీళ్ళ బ్యాగుకి గుడ్డ చుట్టాలి, హీటింగ్ ప్యాడ్ ఆన్‌లో పెట్టుకుని నిద్రపోకూడదు. షుగర్ వల్ల కాళ్ళలో స్పర్శ తగ్గినవాళ్ళకి చర్మం కాలినా తెలియదు, అందుకని వేడి ఎంతుందో ఇంట్లో ఇంకొకరిని చేత్తో పట్టి చూడమనండి. నొప్పి తగ్గించే జెల్ రాసుకున్న చోట కాపడం పెట్టొద్దు. మోకాలు వాచి, ముట్టుకుంటే వేడిగా ఉంటే మాత్రం కాపడం పక్కనపెట్టి గుడ్డలో చుట్టిన ఐస్ పెట్టండి, చలిలో ఐస్ ఏంటి అని మీరు అనుకున్నా సరే.

మోకాలికి తొడిగే పట్టీ (knee cap) వేసుకుంటే వెచ్చగానే ఉంటుంది, కానీ చర్మం మీద గీతలు పడేంత బిగుతు వద్దు, పడుకునేటప్పుడు తీసేయండి. హాయిగా ఉందని రాత్రంతా మోకాలి కింద దిండు పెట్టుకునే అలవాటుంటే మానుకోండి, అలాగే కొనసాగితే మోకాలు పూర్తిగా చాపడం కష్టమవుతుంది.

నడక ఆపొద్దు. బయట మరీ చలిగా ఉంటే ఎండ వచ్చాక వెళ్ళండి, లేదంటే ఇంట్లోనే అటూ ఇటూ తిరగండి, మొదటి 5 నిమిషాలు మెల్లగా. నడిచాక పెరిగిన నొప్పి రెండు గంటలు దాటినా తగ్గకపోతే మర్నాడు కొంచెం తక్కువ నడవండి. మెట్లు ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి కాలు ముందు వేయాలి. చేతికర్ర నొప్పి లేని వైపు చేతిలో పట్టుకోవాలి, చాలామంది దీన్ని తిరగేస్తారు. బరువు ఎక్కువుంటే ఒక్క కిలో తగ్గినా అడుగడుక్కీ మోకాలి మీద దాదాపు నాలుగు కిలోల భారం తగ్గుతుంది.

పెయిన్ కిల్లర్ మాత్రలు మీ అంతట మీరు రోజూ మింగేయకండి. కడుపులో పుండ్లు, కిడ్నీ దెబ్బతినడం, బీపీ పెరగడం, అన్నింటికీ అవకాశముంది, బీపీ మందులు వాడేవాళ్ళయితే తప్పకుండా డాక్టర్‌ని అడగాలి.

అరుగుదల వల్ల వచ్చే పొద్దుటి బిగుతు మామూలుగా అరగంటలోపే సడలుతుంది. గంట దాటినా వదలకపోయినా, చేతివేళ్ళ కీళ్ళు కూడా వాస్తున్నా అది కీళ్ళవాతం కావచ్చు, పరీక్షలు చేయించుకోండి. మోకాలు ఉన్నట్టుండి వాచి ఎర్రబడి జ్వరం వచ్చినా, కాలు మోపలేకపోయినా, ఒక్క కాలి పిక్క మాత్రమే వాచి నొప్పి పెడుతున్నా దాన్ని చలి ఖాతాలో వేసి కూర్చోకండి, ఆ రోజే ఆస్పత్రికి వెళ్ళండి.