ఇన్సినరోర్‌ను డబుల్స్‌లో ఆడించే పద్ధతి

పోకెమాన్ వీడియో గేమ్‌లో రెండేసి పోకెమాన్లు తలపడే డబుల్స్ పోటీలకు కొత్తగా వచ్చినవారు ఇన్సినరోర్ అనే పోకెమాన్‌ను చూడగానే అది కొట్టడానికే పుట్టిందనుకుంటారు. 1.8 మీటర్ల ఎత్తు, 83 కిలోల బరువు, నడుముకు మంటల పట్టీ, పాతబస్తీ తాలీంలో కసరత్తు ముగించి బయటకు వచ్చిన పహిల్వాన్‌లా ఛాతీ విరుచుకుని నిలబడే పెద్దపులి రూపం చూస్తే ఎవరికైనా అలాగే తోస్తుంది. దాని అటాక్ బేస్ స్టాట్ (దెబ్బ బలాన్ని చెప్పే పుట్టు అంకె) కూడా 115. అయినా పోటీల్లో దానికి దక్కిన గౌరవం దెబ్బల వల్ల వచ్చింది కాదు. గుడి మంటపాల బండల మీద గీసి ఆడే పులి-మేక ఆటలో మేకలు పులిని చంపలేవు గానీ, చుట్టూ చేరి దారులన్నీ మూసేస్తాయి. ఇన్సినరోర్ చూపుకు పులే అయినా దాని చేత మనం చేయించుకోవలసిన పని ఆ మేకల పని.

హైదరాబాద్‌లో మా మిత్రబృందం ఆదివారం మధ్యాహ్నాలు నల్లకుంటలోని ఒక ఇంట్లో కూర్చుని ఆడుతుంది. నింటెండో స్విచ్ గేమ్ యంత్రం లేనివారు లాప్‌టాప్‌లో పోకెమాన్ షోడౌన్ అనే ఆన్‌లైన్ ఆట తెరుచుకుంటారు. అది ఉచితం, నేర్చుకోవడానికి అంతకన్నా అనువైన చోటు లేదు. మేము ఆడేది అధికారిక డబుల్స్ నియమాలతోనే. ఆటగాడు ఆరు పోకెమాన్లతో వచ్చి, ఎదుటివారి ఆరింటినీ చూసి, 90 సెకన్లలో తనవాటిలో నాలుగింటిని ఎంచుకుని, ఒక్కోసారి రెండేసి చొప్పున బరిలోకి దింపుతాడు. ప్రతి టర్న్‌కూ 45 సెకన్ల గడువు ఉంటుంది. కింద చెప్పిన అంకెలన్నీ స్కార్లెట్, వయొలెట్ ఆటల్లో లెవెల్ 50 దగ్గర వచ్చేవి.

మొదట ఎబిలిటీ సంగతి చూడాలి, అంటే పోకెమాన్‌కు తనంతట తానే పనిచేసే సహజ గుణం. మామూలుగా దొరికే ఇన్సినరోర్‌కు బ్లేజ్ ఉంటుంది. మనకు కావలసింది దాని హిడెన్ ఎబిలిటీ అయిన ఇంటిమిడేట్. ఆరు నక్షత్రాల టెరా రెయిడ్లనే కఠిన పోరాటాలలో అప్పుడప్పుడు దొరికే ఎబిలిటీ ప్యాచ్‌తో దాన్ని మార్చుకోవచ్చు. ఇంటిమిడేట్ ఉన్న పోకెమాన్ బరిలోకి దిగిన క్షణంలోనే ఎదుటి రెండింటి అటాక్ ఒక్కో మెట్టు దిగి, మూడింట రెండు వంతులకు పడిపోతుంది. ఇన్సినరోర్ వెనక్కి వెళ్లి మళ్లీ దిగితే అది సగమవుతుంది. ఎదుటివారు ఆ తగ్గుదలను పోగొట్టుకోవాలంటే తమ పోకెమాన్‌ను వెనక్కి పిలవాలి, అలా పిలిస్తే ఆ టర్న్‌లో దాని దెబ్బ పోతుంది. పిలవకపోతే నీరసించిన దెబ్బతోనే ఆడాలి. కాబట్టి ఇన్సినరోర్ విలువను అది కొట్టిన దెబ్బలతో కాక, ఒక ఆటలో ఎన్నిసార్లు బరిలోకి దిగిందన్న లెక్కతో కొలవాలి. మూవ్‌లు (టర్న్‌లో వేసే ఎత్తులు), ఐటెమ్ (పట్టుకునే వస్తువు), స్టాట్లు అన్నీ ఆ లెక్కను పెంచే విధంగా ఎంచుకోవాలని నేను గట్టిగా నమ్ముతాను.

రెండో ఆయుధం ఫేక్ అవుట్. దాని బలం 40 మాత్రమే, కానీ +3 ప్రాధాన్యంతో (ఈ అంకె ఎక్కువున్న మూవ్ వేగంతో పనిలేకుండా ముందు పడుతుంది) ముందుగా తగిలి, తగిలినదాన్ని ఆ టర్న్‌కు కదలనివ్వదు. బరిలోకి దిగాక వచ్చే మొదటి టర్న్‌లోనే అది పనిచేస్తుంది, అందువల్ల ఇన్సినరోర్‌ను వెనక్కి తీసి మళ్లీ దింపినప్పుడల్లా ఇంటిమిడేట్‌తో పాటు ఫేక్ అవుట్ కూడా కొత్తగా చేతికి వస్తుంది.

ఒక టర్న్‌ను దగ్గరగా చూద్దాం. మన వైపు ఇన్సినరోర్, ఫ్లటర్ మేన్ ఉన్నాయి. ఎదురుగా రిల్లబూమ్, టోర్నడస్ నిలిచాయి. టోర్నడస్ ఎబిలిటీ ప్రాంక్‌స్టర్ వల్ల, తన వైపు వేగాన్ని రెట్టింపు చేసే దాని టెయిల్‌విండ్ +1 ప్రాధాన్యంతో వస్తుంది, మన ఫేక్ అవుట్ +3 కాబట్టి దాన్ని ఆపేయవచ్చని చేయి బటన్ మీదకు వెళుతుంది. అయితే రిల్లబూమ్‌కూ ఫేక్ అవుట్ ఉంటుంది. ప్రాధాన్యం సమానమైనప్పుడు వేగం తీర్పు చెబుతుంది, రిల్లబూమ్ బేస్ స్పీడ్ 85 అయితే మనది 60. ఫ్లటర్ మేన్ ఘోస్ట్ టైప్ (టైప్ అంటే ఏ దెబ్బ ఎంత తగులుతుందో తేల్చే జాతి) కాబట్టి దానికి ఫేక్ అవుట్ తగలదు. కనుక రిల్లబూమ్ ఆ మూవ్ వేస్తే అది ఇన్సినరోర్ మీదకే వస్తుంది, మన ఇన్సినరోర్ కదలక ముందే ఆగిపోతుంది. ఇక్కడ నేను ఇన్సినరోర్‌ను వెనక్కి పిలిచి, గడ్డి దెబ్బలను ఓర్చుకోగల మూడో పోకెమాన్‌ను దింపి, ఫ్లటర్ మేన్‌తో టోర్నడస్ మీద మూన్‌బ్లాస్ట్ వేస్తాను. టెయిల్‌విండ్ లేస్తుంది, నిజమే. కానీ రిల్లబూమ్ తన ఫేక్ అవుట్‌ను 40 బలం ఉన్న చిన్న దెబ్బ కింద ఖర్చు పెట్టుకుంది. టెయిల్‌విండ్ వేసిన టర్న్‌తో కలిపి నాలుగు టర్న్‌లే నిలుస్తుంది. ఆ లోపల ఇన్సినరోర్ మళ్లీ దిగి, కొత్త ఇంటిమిడేట్ వేసి, తర్వాతి టర్న్‌లో కొత్త ఫేక్ అవుట్‌తో వాళ్ల వేగపు టర్న్‌లలో ఒకదాన్ని తినేస్తుంది.

మూడోది, అన్నిటికన్నా ఆలోచించి వాడవలసింది, పార్టింగ్ షాట్. ఇది ఎదుటి ఒకదాని అటాక్‌నూ స్పెషల్ అటాక్‌నూ (ఒంటితో కాక శక్తులతో కొట్టే దెబ్బల బలం) ఒక్కో మెట్టు దించి, వేసినదాన్ని వెనక్కి తీసుకెళుతుంది. ఇక్కడే ఇన్సినరోర్ నెమ్మదితనం మనకు వరమవుతుంది. వేగంగా ఉన్న ఎదుటివాళ్లు ముందు కొట్టేస్తారు, ఆ దెబ్బలను ఇన్సినరోర్ తన ఒంటి మీద తీసుకుని, తర్వాత పార్టింగ్ షాట్ వేసి వెళ్లిపోతుంది. దాని స్థానంలో వచ్చే మన సున్నితమైన అటాకర్ ఒక్క దెబ్బా తినకుండా బరిలో నిలబడుతుంది. అందుకే స్పీడ్‌కు ఈవీలు (సాధనతో స్టాట్లకు కలిపే పాయింట్లు) పెట్టవద్దని కొత్తవారికి చెబుతాను. ఒక జాగ్రత్త మాత్రం తప్పదు: పార్టింగ్ షాట్ పారకపోతే ఇన్సినరోర్ వెనక్కి వెళ్లదు. ఎదుటిది ఆ టర్న్‌కు తనను కాపాడుకునే ప్రొటెక్ట్ వేసినా, గోల్డెంగో లాగా ఇలాంటి మూవ్‌లను అంటనివ్వని గుడ్ యాజ్ గోల్డ్ ఎబిలిటీ ఉన్నదైనా, స్టాట్లు తగ్గనివ్వని క్లియర్ ఆమ్యులెట్ పట్టుకున్నదైనా మన పులి అక్కడే ఇరుక్కుపోతుంది. అలాంటివి ఎదురుగా ఉన్నప్పుడు పక్కనున్న రెండోదాన్ని గురి చూడాలి, లేదా మామూలుగా వెనక్కి పిలవాలి. మరో మంచి సంగతి ఏమిటంటే ఇన్సినరోర్ డార్క్ టైప్ కాబట్టి ప్రాంక్‌స్టర్‌తో ఎదుటివారు దాని మీద వేసే టాంట్ గానీ థండర్ వేవ్ గానీ దానికి అంటవు.

నాలుగు మూవ్‌లలో మిగిలిన రెండు స్థానాలకు నాక్ ఆఫ్, ఫ్లేర్ బ్లిట్జ్ సరిపోతాయి. నాక్ ఆఫ్ బలం 65, ఎదుటిదాని చేతిలో తీసేయగల ఐటెమ్ ఉంటే అది ఒకటిన్నర రెట్లవుతుంది, ఐటెమ్ కూడా పోతుంది. ఫ్లేర్ బ్లిట్జ్ బలం 120, కానీ చేసిన నష్టంలో మూడో వంతు మనకే తిరిగి తగులుతుంది. కాబట్టి ఎదుటిదాన్ని పడగొట్టే నమ్మకం ఉన్నప్పుడే దాన్ని వాడండి, ఊరికే వేసిన ప్రతి ఫ్లేర్ బ్లిట్జ్ ఇన్సినరోర్ తర్వాత దిగవలసిన ఒక రాకను మింగేస్తుంది.

ఈవీల విషయంలో నేను హెచ్‌పీకి (ప్రాణ బలానికి) 252, డిఫెన్స్‌కు 124, స్పెషల్ డిఫెన్స్‌కు 132 పెట్టి, స్పెషల్ డిఫెన్స్‌ను పెంచే కేర్‌ఫుల్ నేచర్ (స్వభావం) ఇస్తాను. అప్పుడు హెచ్‌పీ 202, డిఫెన్స్ 126, స్పెషల్ డిఫెన్స్ 139, స్పీడ్ 80 అవుతాయి. అటాక్‌తో వచ్చే దెబ్బలను ఇంటిమిడేట్ ఎలాగూ తగ్గిస్తుంది కాబట్టి నేచర్ సాయం స్పెషల్ డిఫెన్స్‌కు వెళ్లడం న్యాయం. ఐటెమ్‌గా సిట్రస్ బెర్రీ మొదటి ఎంపిక: హెచ్‌పీ సగానికి దిగగానే నాలుగో వంతు, అంటే 50 పాయింట్లు, తిరిగి ఇస్తుంది. మీ బృందానికి ఆమూన్‌గస్ వేసే, నిద్రపుచ్చే స్పోర్ బెడద ఎక్కువైతే దాన్ని ఆపే సేఫ్టీ గాగుల్స్ పెట్టండి. అసాల్ట్ వెస్ట్ జోలికి మాత్రం వెళ్లవద్దు, అది పార్టింగ్ షాట్‌ను వాడనివ్వదు.

ఆట మధ్యలో పోకెమాన్ టైప్‌ను మార్చే టెరాకు గడ్డి టైప్‌ను సూచిస్తాను. ఇన్సినరోర్‌కు నీరు, నేల, రాయి, ఫైటింగ్ దెబ్బలు రెట్టింపు తగులుతాయి. గడ్డిగా మారితే ఆ నాలుగు బలహీనతలూ పోవడమే కాక నీరు, నేల దెబ్బలు సగానికి పడతాయి, స్పోర్ కూడా పనిచేయదు. ఆటకు ఒక్కసారే దొరికే టెరాను మామూలుగా అటాకర్‌కే ఇవ్వాలి.

ఇక ఇన్సినరోర్‌ను దింపకూడని వేళలు ఉన్నాయి, ఇది నేను ఓడి నేర్చుకున్న పాఠం. మా ఇంట్లో పెట్టుకున్న ఒక చిన్న పోటీలో చివరి ఆటలో ఎదురుగా కింగాంబిట్ ఉందని చూసి కూడా, అలవాటు కొద్దీ ఇన్సినరోర్‌ను దింపాను. దాని ఎబిలిటీ డిఫయంట్. ఎవరైనా స్టాట్ తగ్గిస్తే దాని అటాక్ రెండు మెట్లు పైకి ఎక్కుతుంది. ఒకటి దిగి రెండు ఎక్కి, చివరికి ఒకటిన్నర రెట్ల అటాక్‌తో అది నా పక్క పోకెమాన్‌ను ఒక్క దెబ్బకు పడగొట్టింది. నిజానికి కింగాంబిట్ దెబ్బలు ఇన్సినరోర్‌ను పెద్దగా నొప్పించలేవు, మన ఫ్లేర్ బ్లిట్జ్ దానికి రెట్టింపు తగులుతుంది. కనుక అది బరిలో ఉన్నప్పుడు దిగడం కన్నా, ఇన్సినరోర్ ముందే బరిలో ఉండి అది వచ్చేదాకా కాచుకోవడం సరైన పద్ధతి. కాంపిటిటివ్ ఉన్న మిలోటిక్ విషయంలో ఆ ఉపశమనం కూడా లేదు. స్టాట్ తగ్గిస్తే దాని స్పెషల్ అటాక్ రెట్టింపవుతుంది, నీటి దెబ్బ మనకు రెట్టింపు తగులుతుంది. దాని ముందుకు ఇన్సినరోర్‌ను పంపవద్దు. ఇన్నర్ ఫోకస్ ఉన్న డ్రాగనైట్ మీద ఇంటిమిడేట్ పారదు, ఫేక్ అవుట్ తగిలినా అది ఆగదు. నేల మీద నిలిచినవాటికి ప్రాధాన్యపు దెబ్బలు తగలనివ్వని సైకిక్ టెరైన్ పరిచి ఉన్నప్పుడూ, ఎదుటి వైపు ఆ దెబ్బలనే ఆపే ఆర్మర్ టెయిల్ ఉన్న ఫరీగిరాఫ్ నిలబడినప్పుడూ ఫేక్ అవుట్ మాటే మరిచిపోవాలి.

అన్నిటికన్నా ప్రమాదకరం ర్యాపిడ్ స్ట్రైక్ ఉర్షిఫు. దాని సర్జింగ్ స్ట్రైక్స్ 25 బలంతో మూడుసార్లు తగిలే నీటి దెబ్బ, మూడూ తప్పకుండా క్రిటికల్, అంటే మామూలుకన్నా గట్టి దెబ్బలు, అవుతాయి. క్రిటికల్ దెబ్బ తన తగ్గిన అటాక్‌ను లెక్కలోకి తీసుకోదు, అంటే ఇంటిమిడేట్ ఎన్నిసార్లు వేసినా ఆ దెబ్బకు ఫలితం ఉండదు. అన్‌సీన్ ఫిస్ట్ వల్ల ప్రొటెక్ట్ కూడా అడ్డు నిలవదు. మన ఆరింటిలో రిల్లబూమ్ లాంటి గడ్డి పోకెమాన్ ఒకటి ఉండాలని నేను పట్టుబట్టేది అందుకే.

చివరి టర్న్‌లలో ఎక్కువమంది తప్పు చేసేది ఇన్సినరోర్‌ను ఎప్పుడు పోనివ్వాలన్న చోట. మా బృందంలోని చిన్నవాడొకడు, ఇంటర్ చదువుతున్న కుర్రాడు, నా ఆట చూస్తూ ఒకరోజు, "అన్నా, పులిని అరిగిపోయేదాక ఎందుకు కొట్టించుకుంటున్నవ్? ఎనకకు గుంజు, మల్ల దింపు" అన్నాడు. వాడు చెప్పింది ఆట మధ్యకు సరిగ్గా సరిపోతుంది. కానీ ఎదుట మిగిలిన రెండూ స్పెషల్ దెబ్బలు వేసేవే అయి, ఇన్సినరోర్ హెచ్‌పీ పాతిక దగ్గరికి వచ్చినప్పుడు, దాన్ని వెనక్కి పిలిస్తే లోపలికి వచ్చే అటాకర్ అనవసరంగా దెబ్బ తింటుంది. అప్పుడు ఇన్సినరోర్ చేత చివరి నాక్ ఆఫ్ వేయించి పడిపోనివ్వాలి. దాని స్థానంలో మన అటాకర్ నిండు హెచ్‌పీతో దిగుతుంది. ఎదుట అటాక్‌తో కొట్టేది ఒక్కటైనా వెనక మిగిలి ఉంటే మాత్రం పాతిక హెచ్‌పీ ఉన్న ఇన్సినరోర్‌నైనా దాచుకోండి, దాని మరో రాక ఆటను తిప్పుతుంది.

సాధన కోసం పక్కన ఒక నోట్‌బుక్ పెట్టుకుని, ఆట ఆడుతున్నప్పుడు ఇన్సినరోర్ దిగిన ప్రతిసారీ ఒక గీత గీయండి, ఆ రాకకు వెంటనే వచ్చిన ఫలితాన్ని రెండు మాటల్లో రాయండి. పది ఆటల తర్వాత షోడౌన్‌లో దాచుకున్న రీప్లేలు తెరిచి, ఒకే గీత ఉన్న ఓటములను మొదట చూడండి. ఏ టర్న్‌లో పార్టింగ్ షాట్ బదులు ఫ్లేర్ బ్లిట్జ్ వేశారో అక్కడ ఆపి, 45 సెకన్ల గడువు లేకుండా ఆ టర్న్‌ను మళ్లీ ఆలోచించండి.