పాత సాఫ్ట్‌వేర్, కొత్త కంప్యూటర్ – 3వ పాఠం: 16 జీబీ ఉన్నా "మెమరీ చాలదు" అంటుంటే

పోయిన పాఠంలో కంపాటిబిలిటీ మోడ్ (పాత ప్రోగ్రామును పాత విండోస్‌లో ఉన్నట్టు నడిపించే సెట్టింగ్) పెట్టడం నేర్చుకున్నాం. అది పెట్టినా కొన్ని ప్రోగ్రాములు తెరవగానే "వర్చువల్ మెమరీ చాలదు" అని మూసుకుపోతాయి. ఈ పాఠం వాటి కోసం.

మా బావగారికి ఎరువుల కొట్టు ఉంది. రైతుల బాకీలన్నీ 2000 ప్రాంతంలో రాయించుకున్న ఖాతాల ప్రోగ్రాములో ఉన్నాయి. 256 ఎంబీ ర్యామ్ ఉన్న పాత కంప్యూటర్లో అది ఏళ్ల తరబడి చక్కగా నడిచింది. 16 జీబీ ఉన్న కొత్తదాంట్లో వేస్తే మెమరీ లేదంది. ఆ రాత్రి ఆయన పడ్డ టెన్షన్ నేను కళ్లారా చూశాను. రిపేరు షాపులో పేజ్ ఫైల్ (ర్యామ్‌కు తోడుగా విండోస్ డిస్కు మీద వాడుకునే చోటు) సైజు పెంచి ఇచ్చారు. అయినా తెరుచుకోలేదు.

ఎందుకో చూద్దాం. ర్యామ్, పేజ్ ఫైల్, ఈ రెండూ కలిపితే వచ్చే మొత్తమే ఇక్కడి లెక్క; మెసేజ్‌లోని వర్చువల్ మెమరీ అంటే ఇదే. పాత ప్రోగ్రాము మొదలవుతూనే "ఎంత ఉంది?" అని విండోస్‌ను అడుగుతుంది. ఆ రోజుల్లో అడిగే పద్ధతి పేరు గ్లోబల్‌మెమరీస్టేటస్. దానికి జవాబు 32 గళ్లలోనే (బిట్లలోనే) రావాలి, గడికి 0 లేదా 1. అన్నిట్లో 1 ఉంటే 429,49,67,295 బైట్లు, అంటే 4 జీబీకి ఒక్క బైటు తక్కువ. అంతకంటే పెద్ద అంకెకు చోటే లేదు. అందుకే మొత్తం 4 జీబీ దాటినప్పుడు విండోస్ గళ్లన్నీ ఒకట్లతో నింపి పంపుతుంది.

చిక్కంతా ఆ జవాబును చదవడంలో ఉంది. కొన్ని పాత ప్రోగ్రాములు మొదటి గడిని ప్లస్, మైనస్ గుర్తుగా చదువుతాయి. అలా చదివితే 32 ఒకట్లకు అర్థం మైనస్ 1! కనీసం 64 ఎంబీ ఉండాలని చూసే ప్రోగ్రాముకు మైనస్ 1 కనబడితే చాలదనక ఏమంటుంది? రాసినవాళ్లను తప్పుపట్టలేం. 64 ఎంబీయే గొప్పగా ఉన్న రోజులవి.

కాబట్టి పేజ్ ఫైల్ పెంచడం దండగ. తీసేసినా లాభం లేదు, ర్యామ్ ఒక్కటే 4 జీబీ దాటి ఉంది కదా. ప్రోగ్రాముకు చిన్న అంకె చెప్పాలి, అంతే.

ముందు ఒక పరీక్ష. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరవండి. పెర్ఫార్మెన్స్‌లో మెమరీ మీద నొక్కితే "కమిటెడ్" దగ్గర రెండు అంకెలుంటాయి: మొదటిది ఇప్పటికే కేటాయించింది, రెండోది మొత్తం హద్దు. మొదటిది రెండోదానికి బాగా దగ్గరగా ఉంటే కొరత నిజమే, అప్పుడు పేజ్ ఫైల్ సైజును విండోస్‌కే వదిలేయండి. మధ్యలో చాలా తేడా ఉంటే మన జబ్బు ఇదే కావచ్చు.

ఇప్పుడు మందు. మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే విండోస్ ఏడీకే (అసెస్‌మెంట్ అండ్ డిప్లాయ్‌మెంట్ కిట్) అనే పనిముట్ల కట్టలో "అప్లికేషన్ కంపాటిబిలిటీ టూల్స్" ఒక్కటే ఎంచుకుని ఇన్‌స్టాల్ చేయండి. అందులో కంపాటిబిలిటీ అడ్మినిస్ట్రేటర్ అనే ప్రోగ్రాము రెండు రకాలుగా వస్తుంది. మన పాత ప్రోగ్రాము 32 బిట్‌ది కాబట్టి మనకు కావలసింది 32 బిట్‌ది. 64 బిట్‌ది తెరిస్తే శ్రమంతా వృథా. 32 బిట్‌దాన్ని రైట్ క్లిక్ చేసి "రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్"తో నడపండి. న్యూ డేటాబేస్ మీద రైట్ క్లిక్ చేసి క్రియేట్ న్యూ, అప్లికేషన్ ఫిక్స్ ఎంచుకోండి. పేరేదో ఇచ్చి, మీ ప్రోగ్రాము ఈఎక్స్‌ఈ ఫైలును చూపండి. మోడ్స్ పేజీ దాటాక వచ్చే పెద్ద జాబితాలో గ్లోబల్‌మెమరీస్టేటస్‌లై దగ్గర టిక్ పెట్టండి. ఇది పేజ్ ఫైల్ ఎంతున్నా 400 ఎంబీయే అని ఆ ఒక్క ప్రోగ్రాముకు చెబుతుంది. మిగతా కంప్యూటర్‌కు ఏమీ కాదు. ఫినిష్ చేసి, సేవ్ చేసి, డేటాబేస్ మీద రైట్ క్లిక్‌తో ఇన్‌స్టాల్ కొట్టండి. ఇన్‌స్టాల్ మరిచిపోతే ఏ మార్పూ కనిపించదు.

బావగారి ఖాతాలు ఇలాగే తెరుచుకున్నాయి. తెరుచుకోగానే మేం చేసిన మొదటి పని డేటా ఫోల్డరును పెన్ డ్రైవ్‌లోకి కాపీ చేయడం. మీరైతే ఆ కాపీ ముందే తీసుకోండి.

అభ్యాసంగా మీ ప్రోగ్రాము ఆ మెసేజ్ ఎప్పుడిస్తోందో రాసిపెట్టుకోండి. తెరవగానే అయితే ఈ పాఠం చాలు. గంటసేపు పనిచేశాక, పెద్ద ఫైలు తెరిచినప్పుడు వస్తుంటే అది 32 బిట్ ప్రోగ్రాములకుండే 2 జీబీ హద్దు కావచ్చు. దాని సంగతి 4వ పాఠంలో.