హాల్‌లో పుట్టిన తాతగారి ఇల్లు వెతికిన పద్ధతి

మా అల్లుడు ఇంగ్లీషువాడు. వాళ్ళమ్మగారు, అంటే మా వియ్యపురాలు, పెళ్ళినాటి నుంచీ ఒక మాట చెబుతూనే ఉన్నారు: ‘మా తాతగారు నార్ఫోక్‌లో ఒక హాల్‌లో పుట్టారు.’ నార్ఫోక్ తూర్పు ఇంగ్లండులో ఒక కౌంటీ, మన జిల్లా లాంటిది. అక్కడ హాల్ అంటే గది కాదు. ఎస్టేటు నడుమ కట్టిన భవంతి, మన దివాణం లాంటిది. నేను ముప్ఫై రెండేళ్ళు సర్వే శాఖలో గొలుసు లాగినవాణ్ణి. రిటైరయ్యాక అమ్మాయి ఇంట్లో ఊరికే కూర్చోలేక, ఆ హాల్ ఎక్కడుందో తేలుస్తానని మాట ఇచ్చేశాను. రెండు వేసవులు పట్టింది. మీ వియ్యాలవారు కూడా ఇలాంటి మాట చెబుతుంటే, నేను తిరిగిన దారి ఇది.

మొదట ఆ మాటనే విడదీయండి. భవంతి మాది అనడం వేరు, అందులో ఉన్నామనడం వేరు, అక్కడ పుట్టామనడం వేరు. ఒక్క దొర కుటుంబం ఉన్నచోట వంటవాళ్ళు, పనిమనుషులు, తోటమాలులు, గుర్రాలవాళ్ళు డజన్ల కొద్దీ ఉండేవారు. లెక్క ప్రకారం మీ తాతగారు దొర కంటే తోటమాలి కొడుకై ఉండటానికే అవకాశం ఎక్కువ. ఈ సంగతి వియ్యపురాలికి మొదటి రోజే చెప్పకండి. నేను చెప్పాను. ఆ పూట టీ రాలేదు.

తరువాత జనాభా లెక్కలు. ఇంగ్లండులో 1841 నుంచి పదేళ్ళకొకసారి, ఫలానా రాత్రి ఏ ఇంట్లో ఎవరున్నారో పేర్లతో రాశారు. 1921 వరకు చూడవచ్చు. 1841 వాటిని పూర్తిగా నమ్మకండి. పెద్దవాళ్ళ వయసు ఐదేళ్ళ గుణిజానికి తగ్గించి వేశారు, ఎవరికి ఎవరు ఏమవుతారో రాయలేదు. 1851 నుంచి బంధుత్వమూ, పుట్టిన ఊరూ ఉంటాయి. 1931 లెక్కలు 1942లో కాలిపోయాయి, 1941లో లెక్కలే తీయలేదు. ఆ ఖాళీని 1939 సెప్టెంబరు 29న తీసిన రిజిస్టరు కొంత పూడుస్తుంది. ఇవి చూపే వెబ్‌సైట్లు చందా అడుగుతాయి కానీ, చాలా లైబ్రరీల్లో కూర్చుంటే ఉచితం.

ఇక్కడ రెండు చోట్ల నేను బోల్తా పడ్డాను. ఈ లెక్కలు ఎక్కువగా వసంతకాలంలో తీసేవారు. అప్పుడు దొరలు లండన్‌లో ఉండవచ్చు. భవంతి పేరు కింద ఒక హౌస్‌కీపరు, ఇద్దరు ముగ్గురు పనిపిల్లలు మాత్రమే కనిపిస్తే ఇది కాదేమోనని పేజీ తిప్పేశాను, తీరా అదే. రెండోది, తోటమాలి, కాపలావాడు భవంతి కింద ఉండరు. ‘గార్డెనర్స్ కాటేజ్’, ‘లాడ్జ్’ అని విడిగా ఉంటారు. అందుకని పేరు దొరకగానే ఆగకుండా ముందు నాలుగు పేజీలు, వెనక నాలుగు పేజీలు చదవండి. లెక్కలు రాసినవాడు నడిచిన దారి అది. పక్క ఇల్లు పక్క వరుసలోనే ఉంటుంది.

మా తాతగారు (ఇప్పటికి ఆయన నాకూ తాతగారే అయిపోయారు) 1901లో ఏడేళ్ళ పిల్లవాడు, తండ్రి తోటమాలి. 1911 కాగితం మాత్రం నేను మరిచిపోలేను. ఆ ఏటి నుంచి ఇంటి యజమాని స్వయంగా నింపిన కాగితాలే మిగిలాయి. తోటమాలి అక్షరాలు గుండ్రంగా, ఒక్కొక్కటీ మొక్క నాటినట్టు ఉన్నాయి. పుట్టిన పిల్లలు ఏడుగురు, బతికినవారు ఐదుగురు, పోయినవారు ఇద్దరు. పోయిన ఇద్దరి పేర్లు కూడా ఆయన వరుసలో రాసేశాడు; అడగలేదు కాబట్టి ఎవరో గీత పెట్టి కొట్టేశారు. కింద గదులెన్ని అన్నచోట 4. అందులో వంటగది లెక్కకు వస్తుంది, గిన్నెలు కడిగే గది, స్నానాల గది రావు.

మనిషి దొరికాడు, ఇక నేల. నాకు తెలిసిన పని ఇదే కాబట్టి కాస్త ఎక్కువ రాస్తాను. 1836 చట్టం కింద చర్చికి ఇచ్చే పదోవంతు ధాన్యాన్ని డబ్బులోకి మార్చడానికి ఊరూరా పటాలు గీశారు. ఇవే టైద్ మ్యాపులు. ప్రతి చెక్కకూ నంబరు, ఆ నంబరుకు పట్టికలో భూస్వామి, సాగుదారు, చేను పేరు, విస్తీర్ణం ఉంటాయి. ఒక్క మాటలో మన అడంగలు. ఎకరానికి నాలుగు రూడ్లు, రూడ్‌కు నలభై పెర్చ్‌లు. రూడ్ అంటే మన పాతిక సెంట్లని గుర్తుంటే చాలు. అన్ని ఊళ్ళకూ ఇవి లేవు. దాని తరువాతది 1910 నాటి భూమి విలువల సర్వే. వాటి ఫీల్డు పుస్తకాలు లండన్‌లో క్యూ అనే పేటలో ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో ఐఆర్ 58 అనే వరుసలో ఉన్నాయి, ఇంటి వర్ణనతో సహా. ఆర్డ్‌నెన్స్ సర్వే అంటే అక్కడి ప్రభుత్వ పటాల శాఖ. దాని పాత పటాలు స్కాట్లండ్ జాతీయ గ్రంథాలయం వెబ్‌సైటులో ఉచితం. నేటి ఉపగ్రహ చిత్రం మీద పరిచి చూడవచ్చు. నేను అర్ధరాత్రి వరకు పాత పటాన్ని మసకబారుస్తూ, తేట చేస్తూ కూర్చున్నాను. భవంతి ఉండవలసిన చోట గోధుమ చేను.

కంగారు పడకండి, అది మామూలే. 1894లో వచ్చిన మరణానంతర పన్ను, రెండు యుద్ధాలు, సైన్యం వాడుకుని పాడుచేసిన గదులు, పనివాళ్ళు దొరకకపోవడం, ఇవన్నీ కలిసి ఇలాంటి భవంతులను వందల సంఖ్యలో కూల్పించాయి. 1974లో లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం వీటి మీదే ఒక ప్రదర్శన పెట్టింది. అయితే భవంతి పోయినా గేటు దగ్గరి లాడ్జ్, గుర్రపుశాల, తోట ప్రహరీ మిగలవచ్చు. ఇంగ్లండు రక్షిత కట్టడాల జాబితాలో వాటిని విడిగా వెతకండి.

ఎస్టేటు కాగితాలు ఆ కౌంటీలోనే ఉంటాయనుకోవద్దు. దొరకు మరోచోట పెద్ద భవంతి ఉంటే కట్టలన్నీ అక్కడికే పోతాయి. నేను నార్ఫోక్‌లో నాలుగు రోజులు వృథా చేశాక, జీతాల పుస్తకం పక్క కౌంటీ రికార్డు ఆఫీసులో దొరికింది. నేషనల్ ఆర్కైవ్స్ కేటలాగులో దొర ఇంటిపేరుతో వెతికి ఉంటే పది నిమిషాల పని. తోటమాలి మొదటి ఏళ్ళలో ఆ జీతాల పుస్తకంలో గుణకారపు గుర్తు పెట్టాడు. తరువాత పేజీల్లో సంతకం.

చివరికి అల్లుడు, నేను, వియ్యపురాలు కారులో వెళ్ళాం. నడిచే హక్కున్న కాలిబాటలు ఆర్డ్‌నెన్స్ సర్వే వారి ఎక్స్‌ప్లోరర్ పటంలో ఆకుపచ్చ గీతలుగా ఉంటాయి. అది దాటితే అనుమతి అడగాలి. చేను మధ్యలో రెండు వరుసల లైమ్ చెట్లు (మన నిమ్మ కాదు, లిండెన్ అనే పెద్ద చెట్లు) ఎక్కడికీ పోని దారికి కాపలా కాస్తున్నాయి. వాటి చివర నేల కాస్త ఉబ్బుగా ఉంది. మనవైపు దాన్ని పాటిదిబ్బ అంటాం.

తోటమాలి ఇల్లు మాత్రం నిలిచే ఉంది, ఎవరో కాపురముంటున్నారు. ఇలా వెళ్ళేటప్పుడు 1911 కాగితం నకలు ఒకటి వెంట తీసుకుపోండి. తలుపు తీసినావిడ దాన్ని గుమ్మంలోనే నిలబడి చదివి, కొట్టేసిన రెండు పేర్ల దగ్గర ఆగి, లోపలికి రమ్మంది. వియ్యపురాలు మెట్ల దగ్గర చేయి వేసి నిలబడ్డారు. నేను గదులు లెక్కపెట్టాను. ఐదున్నాయి, వెనకది కొత్త ఇటుక.